రెండు క్లిక్కులు

ఒమరామాలో మా షెడ్డు నేల
చూడ్డానికి చదునే.
నీళ్ళు పోస్తే ఈశాన్యానికి పారతాయి.
అందుకే నాలుగు తూకం పలకల కింద
పాత లినోలియం ముక్కలు:
ఒకచోట మూడు, ఇంకోచోట ఒకటి,
తలుపు వైపు అసలేమీ లేదు.
ఆ లెక్క నాకు తప్ప ఎవరికీ తెలీదు.

కోలమ్ డ్రైస్‌డేల్ ఏటా సెప్టెంబరులో వస్తాడు,
లిండిస్ కనుమ మీద మంచు కరిగాక,
ముప్ఫయ్యేళ్ళ ఎర్ర రోడ్‌స్టర్ వేసుకుని.
ఈసారి దిగేటప్పుడు
తలుపు పట్టుకుని కాసేపు ఆగాడు.
"కుడి మలుపుల్లో బద్ధకిస్తోంది,
స్ప్రింగులు అలిసిపోయాయేమో."

స్ప్రింగులు అంత తేలిగ్గా అలిసిపోవు.
అలిసేది రబ్బరు, నూనె, మనుషులు.
పైకి అనలేదు.

నాలుగు టైర్లలో గాలి సరిచూశాను.
యాంటీ రోల్ బార్ లింకులు విప్పాను,
పక్క చక్రం మాట ఈ చక్రం మొయ్యకూడదు కదా.
"ఎక్కి కూర్చో, రోజూ నడిపినట్టే.
స్టీరింగు మీద చేతులు."

తెర మీద అంకెలు నిలబడ్డాయి.
జిడ్డోడుతున్న పుస్తకంలో అతని పేజీ తీశాను.
కుడి ముందు తొమ్మిది తక్కువ.
కుడి వెనక పన్నెండు.
పెట్రోలు ట్యాంకు చూశాను, నిండుగా ఉంది.
స్పేర్ చక్రం ఉంది. బ్యాటరీ పాతదే.
సీటు కింద చెయ్యి పెట్టి తడిమాను
పారేసుకున్న ఉంగరం వెతికినట్టు.
ఇరవై ఒక్క కిలోలు!
ఓ ఎదిగిన గొర్రెపిల్లంత.

కోలమ్ నావైపు కాదు, అద్దంలోంచి గోడవైపు చూస్తూ
"డునీడిన్‌లో వదిలేసి వచ్చాను," అన్నాడు.
"ఆసుపత్రిలో. కొంత కోసి తీశారు,
మిగతాది దానంతటదే పోయింది."

కంప్రెసరు ఒక్కసారి గురగురమని ఆగింది.

"తొంభై రెండుకే సెట్ చెయ్యి. మళ్ళీ నిండుతాలే."

మూలన కోళ్ళ దాణా బస్తాలుంటాయి,
రాలేని మనుషుల బదులు
సీట్లో కూర్చోబెట్టడానికి.
ఒకటెత్తి అతని ఒళ్ళో పెట్టాలనిపించింది.
పెట్టలేదు.
కారుకి రేపటి సంగతి తెలీదు,
ఇవాళ ఎక్కినవాణ్ణే మోస్తుంది.

లాక్ రింగు వదులుచేసి
కొక్కెం పానాతో కాలరు తిప్పాను,
మర మీద ఇసుక కరకరమంటుంటే బ్రష్షుతో తోమి, మళ్ళీ.
కుంటి బల్ల సంగతి తెలిసిందే:
ఒక కాలు కింద అట్టముక్క పెడితే
బరువు ఎదురు మూలకి కూడా పాకుతుంది.
నాలుగింటిలో ఒకదాన్ని
ఒంటరిగా ముట్టుకోవడం కుదరదు.
తిప్పడం, కారుని ముందుకీ వెనక్కీ దొర్లించడం,
రెక్కల మీద చేతులానించి నొక్కి వదలడం,
మళ్ళీ చదవడం.

మూడోసారికి అతను నిద్రపోయాడు,
చేతులు స్టీరింగు మీదే.
తెర మీద చివరి అంకె
అతని ఊపిరితో పాటు
కాస్త పెరుగుతూ, కాస్త తరుగుతూ.
పానా కింద పెట్టేటప్పుడు
చప్పుడు కాకుండా గుడ్డ పరిచాను.

చివరికి డ్యాంపర్లు.
మీట పూర్తిగా బిగించి, వెనక్కి లెక్కపెట్టాలి.
ఎనిమిదేళ్ళుగా అతనిది
ముందు తొమ్మిది, వెనక పదకొండు.
ముందు పదకొండు దాకా పోయాను,
వెనక పదమూడు.
కుట్లు ఎక్కడున్నాయో నేనడగలేదు.
పుస్తకంలో మాత్రం తొమ్మిది, పదకొండు అనే రాశాను.
బరువు దగ్గర డెబ్భై ఒకటి. పెన్సిలుతో.

మూడు వారాలకి ఫోను.
"లిండిస్ దారి కొత్తగా వేశారా ఏంటి?
గతుకులన్నీ ఏమైపోయాయి?"
"వేసుంటారు," అన్నాను.

వెయ్యలేదు.
ఆ పొద్దున నేనూ ఆ దారినే వచ్చాను.
వంతెన దాటాక గుంటలో పడి
వ్యాను వెనక పెట్టెలో పానాలన్నీ
ఒక్కసారి ఎగిరి కూర్చున్నాయి.